మూయని మూల

మొదలుపెట్టడంలో నన్ను మించినవాళ్ళు మల్కాపురంలో లేరు. పూర్తి చెయ్యడం దగ్గరే నాకు చేతులు రావు. మా ఆయన సింహాద్రి పోర్టులో క్రేను నడుపుతాడు. నా కుట్టుపని గురించి ఎవరైనా అడిగితే, "మా ఇంటిదాని బట్టలు లంగరేసిన ఓడలు బావా, ఎప్పుడు కదుల్తాయో ఎవులికీ తెల్దు" అంటాడు. నవ్వితే నవ్వాను గానీ అబద్ధమైతే కాదు.

అటక మీద రెండు ట్రంకు పెట్టెల నిండా నా ఆరంభశూరత్వమే. హుక్కులు పడని జాకెట్లు. దిండు గలీబుల మీద చిలకలు, అందులో ఒక్కదానికే రెక్కలొచ్చాయి. మా అమ్మాయి యశస్విని ఆరో తరగతిలో ఉండగా కత్తిరించి పెట్టిన గౌను. ఆ గౌను కుట్టేలోగా దానికి పెళ్ళయింది, ఇప్పుడు పురిటికి ఇంటికి కూడా వచ్చింది. అల్లుడు నాగవంశీది పరవాడలో మందుల కంపెనీలో పని, ఆదివారాలు వచ్చి చూసి వెళ్తాడు.

కూతురు కడుపుతో ఇంట్లో తిరుగుతుంటే నాకు పౌరుషం పుట్టుకొచ్చింది. పెట్టెలు దించాను, మిషనుకి నూనె వేశాను. వంటయ్యాక రోజూ మధ్యాహ్నం ఒక్కోటీ పట్టుకుని కూర్చునేదాన్ని. హుక్కులన్నీ కుట్టాను. మిగతా చిలకలకీ రెక్కలొచ్చాయి. గౌను కూడా కుట్టి పడేశాను, మనవరాలు పుడితే ఏనాటికైనా వేసుకుంటుందని. ఇక మిగిలింది బొంత. పుట్టే బిడ్డని పడుకోబెట్టడానికి మెత్తటి పాత చీరల బొంత ఒక్కటైనా ఉండాలి కదా. దానికి చీరలు ఏరుతూ ఉండగానే ఆనందపురం నుంచి మా అక్క దేముడమ్మ దిగింది.

అక్క అన్నాను గానీ నేను "అప్పా" అని పిలుస్తాను. మా అమ్మ పోయేనాటికి నాకు ఊహ తెలియదు. నాకు అన్నం కలిపి పెట్టింది అప్పే. జడ వేసింది అప్పే. మొదటిసారి సూది చేతికిచ్చి, వేలు గుచ్చుకుంటే నోట్లో పెట్టుకుని రక్తం పీల్చేసింది కూడా అప్పే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆవిడ ఇస్తే విషమైనా మంచినీళ్ళలా తాగేదాన్నని మీకు తెలియాలి.

వస్తూనే సంచిలోంచి సగం కుట్టిన బొంత తీసి నా ఒళ్ళో వేసింది.

"అమ్మ మొదలెట్టిన బొంత ఇది. ఇన్నాళ్ళూ నా పెట్టిలోనే ఉండిపోనాది. నాకు కళ్ళు ఆనడం నేదు. నువ్వు పూర్తి సేసీ. తాతమ్మ చీరల మీద తొంగుంటాది నీ మనవరాలు."

నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. అమ్మది అంటూ నా దగ్గర గుడ్డ ముక్క కూడా లేదు. పైన వెలిసిపోయిన ఆకుపచ్చ నేత చీర, చిన్న చిన్న కుట్లు, అన్నీ ఒకే దూరంలో. అంతకాలం నాటి దారం ఇంత తెల్లగా ఎలా ఉందా అని ఒక్క క్షణం అనిపించింది. అప్ప చెప్పాక మళ్ళీ అనుమానం ఏమిటని నన్ను నేనే తిట్టుకున్నాను.

టీ కూడా తాగకుండా లేచింది. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "పిల్ల మంచం మీదే ఎట్టుకుని కుట్టే. ఒంటి ఎచ్చదనం తగల్తే బొంత మెత్తబడతాది" అంది. అదీ నిజమే అనుకున్నాను.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. పుట్టబోయే బిడ్డకి కుట్టే బొంతకి మూడు మూలలే మూస్తాం. నాలుగో మూల అలాగే వదిలేస్తాం. బిడ్డ పుట్టి బొడ్డు ఊడాక, అందులో చిటికెడు వసపొడి పోసి అప్పుడు మూస్తాం. ముందే మూస్తే బిడ్డ వచ్చే దారి మూసినట్టేనని పెద్దవాళ్ళ మాట. అప్ప ఇచ్చిన బొంతకి రెండు మూలలు మూసి ఉన్నాయి, మూడోది నేను మూశాను.

కుట్టడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఇంట్లో ఒక వాసన. సాంబ్రాణి పొగ, నూరిన వాము, వెల్లుల్లి కారం. పురిటి గది వాసన అన్నమాట. పురుడే కాని ఇంట్లో ఆ వాసనేమిటి? పక్కింట్లోంచి అనుకున్నాను. పక్కింట్లో ఇద్దరూ ముసలివాళ్ళే.

ఇంకోటి. మల్కాపురం రిఫైనరీ పక్కనే, కిటికీ తీస్తే చాలు, గడప మీదా, దండెం మీదా, చివరికి అన్నం మూత మీదా నల్లటి మసి వాలుతుంది. ఎన్నిసార్లు దులిపినా అంతే. ఆ బొంత మీద మాత్రం వాలలేదు. కిటికీ పక్కనే రోజుల తరబడి ఉన్నా తెల్లదారం తెల్లగానే ఉంది.

ఆ తర్వాత కుట్లు. నేను ఆపిన చోటు ఒకటి, మర్నాడు మొదలుపెట్టే చోటు ఇంకొకటి. ఎప్పుడూ నేను గుర్తుపెట్టుకున్న దానికన్నా పని ముందుకు జరిగి ఉండేది. ఇన్నేళ్ళూ పని వెనకపడటమే తెలిసినదాన్ని, ముందుకు జరిగితే భయపడటం నాకు రాలేదు.

"నువ్వేమైనా కుట్టావేటే?" అని యశస్వినిని అడిగాను.

అది ఫోన్లోంచి తలెత్తకుండానే నవ్వింది. "నాకు సూదిలో దారం ఎక్కించడమే రాదు. అయినా నిన్న నువ్వే కదమ్మా, నా కాళ్ళ దగ్గర కూకుని కుడతన్నావు. రెండుసార్లు పిలిచినా పలకలేదు. అంత కోపమేటి నా మీద?"

నిన్న ఆ వేళప్పుడు నేను చేపల బజారులో ఉన్నాను.

నిద్రమత్తులో ఏదో చూసి ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. నిండు నెలల పిల్ల, దానికి ఏం చెబుతాం?

ఆ మర్నాడు సాయంత్రం సముద్రం మీద నుంచి గాలి లేచింది. వాన మొదలైన కాసేపటికే కరెంటు పోయింది. మా ఆయన బి షిఫ్టు, పది దాటితే గానీ రాడు. దేవుడి దగ్గర దీపం పెట్టాను. దీపం పెట్టాక సూది పట్టకూడదు, అందుకని బొంత మడత పెట్టబోయాను. మధ్యలో చేతికి గడ్డలాంటిది తగిలింది. లోపలి పొర ఎక్కడో ఉండకట్టింది. పసిబిడ్డ వీపు కింద అది ఉంటే ఎలా? కుట్టకూడదు గానీ విప్పకూడదని ఎవరూ చెప్పలేదు కదా అని, కిటికీ దగ్గర కూర్చుని ఆ నాలుగు కుట్లూ విప్పాను.

కిటికీలోంచి రిఫైనరీ గొట్టం మీది మంట కనిపిస్తుంది. గాలికి అది అటూ ఇటూ ఊగుతుంటే గదిలో వెలుగు పెరుగుతోంది, తగ్గుతోంది. ఆ వెలుగులో లోపలి చీర బయటికి లాగాను.

తేనెరంగు. పచ్చ అంచు. చిన్న చిన్న తామర బుటాలు.

ఆ చీర నేనే కొన్నాను. పూర్ణా మార్కెట్లో బేరమాడి ఒకేలాంటివి రెండు తీసుకున్నాను. ఒకటి నాకు. రెండోది సీతాలుకి, దాని సీమంతానికి.

సీతాలు మా అప్ప కోడలు. అప్ప కొడుకు అప్పలరాజుకి మొదటి పెళ్ళాం. నవ్వితే చిగుళ్ళు కనిపించేవి పిచ్చిదానికి, చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. నన్ను "చిన్నత్తా" అంటూ కొంగు పట్టుకుని తిరిగేది. నిండు నెలల్లో, కడుపులో బిడ్డతో సహా పోయింది. ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చాయని చెప్పింది అప్ప. అలా పోయినవాళ్ళ గుడ్డపీలిక కూడా ఇంట్లో ఉంచకూడదంటారు. అన్నీ కాటికి పంపించేశామని కూడా అప్పే చెప్పింది. సంవత్సరం తిరక్కుండా అప్పలరాజుకి శ్రీవల్లిని తెచ్చి చేసింది.

అమ్మ మొదలుపెట్టిన బొంతలోకి, అమ్మ పోయిన ఇన్నేళ్ళకి కొన్న చీర ఎలా వచ్చింది?

యశస్విని లోపలి గదిలో పడుకుని ఉంది. బొంత కుర్చీలో పెట్టి, ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళాను. లోపల సిగ్నల్ అందదు.

"అప్పా, ఈ బొంత ఎవరిది?"

అక్కడా వానే, రేకుల మీద పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. అప్ప గొంతు తగ్గించి అడిగింది.

"నాలుగో మూల మూసుకుపోనాదేటే?"

"ఎవరిదని అడుగుతన్నాను."

"సీతాలుదే."

"అమ్మదన్నావు."

"మరేటి సెప్పమంటావు? నిజం సెప్తే పుచ్చుకుందువా?" అప్ప ఏడుస్తోంది. ఏడుస్తూనే గబగబా చెప్పుకుపోయింది. "శ్రీవల్లికి రెండు కడుపులు పోనాయి. ఇప్పుడు మళ్ళీ ఐదో నెల. ఇంట్లో ఏ మూల దాసినా సర్రు సర్రుమని దారం లాగిన సప్పుడు. కాల్సబోతే అగ్గి అంటుకోలేదు. ఒకాయన సెప్పేడు... మన రక్తంలోనే ఇంకో నిండు మనిషి మంచం మీద ఎడితే, అది ఆడికే పోతాది, నీ గడప తొక్కదు అని."

"ఆ నిండు మనిషి నా కూతురే అప్పా."

"నా వంశం ఆగిపోతంది రోజా. నువ్వయినా అదే సేద్దువు."

ఎన్ని తిట్లు తెలుసో నాకు. ఒక్కటీ నోటికి రాలేదు. తడిగుడ్డతో గొంతు కోస్తారని వినడమే గానీ, కోసే చెయ్యి నాకు అన్నం పెట్టిన చెయ్యి అవుతుందని ఎవరు అనుకుంటారు? వరండా స్తంభం పట్టుకుని ఒక్క మాటే అడగగలిగాను.

"సీతాలు ఎలా పోయింది? ఈసారైనా నిజం చెప్పు."

"ఆ దినం అమాస." అప్ప గొంతు ఇంకా చిన్నదైపోయింది. "పొద్దున్నే నొప్పులొచ్చేయి. అమాస పుట్టుక ఇంటికి మంచిది కాదు, అమాస ఎల్లిపోయేదాకా ఆగుదుమని ఆస్పత్రికి ఎల్లకండా నానే ఆపేను. నొప్పి మర్సిపోతావు, కుట్టుకుంటా కూకో అని ఆ బొంత సేతిలో ఎట్టేను. ఎల్దామా అత్తా, ఎల్దామా అత్తా అని అడుగుతానే ఉన్నాది. అడుగుతా అడుగుతానే..."

స్తంభం వదిలి గుమ్మం వైపు తిరిగాను.

"రోజా, ఇనవే. నాలుగో మూల అది మూసినాదంటే బిడ్డ బయటికి రాదు. తన కూడా అట్టుకుపోతాది. శ్రీవల్లికి రెండుసార్లూ అలాగే మూసేసినాది, నానే మళ్ళీ రెండు మూలలు ఇప్పేను..."

అప్పుడు వినిపించింది.

సర్ర్ర్... సర్ర్ర్...

ఇంట్లోంచి. మందపాటి గుడ్డలోంచి పొడుగాటి దారం లాగుతున్న చప్పుడు. ఒకటి లాగాక కాస్త ఆగి... మళ్ళీ ఇంకోటి.

ఫోన్ చేతిలోనే ఉంది. లోపలికి పరిగెత్తాను. కుర్చీలో బొంత లేదు. సాంబ్రాణి వాసన గొంతు పట్టేస్తోంది. లోపలి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. నేను వెయ్యలేదు.

తోశాను.

యశస్విని పక్కకి తిరిగి పడుకుని ఉంది. దాని పొట్ట మీద బొంత కప్పి ఉంది. కాళ్ళ దగ్గర, నా వైపు వీపు పెట్టి, ఎవరో కూర్చున్నారు.

కిటికీలోంచి పడే రిఫైనరీ మంట వెలుగు పెరిగినప్పుడు వీపు కనిపిస్తోంది. తగ్గినప్పుడు కనిపించడం లేదు. మోచెయ్యి మాత్రం ఆగకుండా బయటికొస్తోంది, లోపలికెళ్తోంది. సర్ర్ర్... సర్ర్ర్... బొంత నాలుగో మూల ఆ ఒళ్ళోనే ఉంది. ఇంకా నాలుగు వేళ్ళు పట్టేంత మాత్రమే తెరిచి ఉంది.

"అమ్మా..." యశస్విని గొంతు పీలగా వచ్చింది. కళ్ళు తెరవలేదు. "కడుపులో కదలడం నేదమ్మా... ఇందాకటి నుంచీ కదలడం నేదు..."

మోచెయ్యి బయటికి. లోపలికి.

అరవాలనుకున్నాను. రాలేదు. బొంత లాగేద్దామని అడుగు వేస్తే యశస్విని మెలితిరిగి మూలిగింది. ఆ బొంత దాని ఒంటికే కుట్టి ఉన్నట్టు. ఆగిపోయాను. అప్పుడు ఆ వీపు, తిరగకుండానే, గుసగుసగా అడిగింది.

"ఎల్దామా చిన్నత్తా? అమాస ఎల్లిపోనాదా?"

ఆ గొంతు నాకు తెలుసు. నా కొంగు పట్టుకుని తిరిగిన గొంతే. ఆ క్షణంలో భయం కంటే ముందు ఏడుపొచ్చింది నాకు. దీన్నీ అప్పే మోసం చేసింది. నన్నూ అప్పే మోసం చేసింది. ఒకే చేతి దెబ్బ తిన్నవాళ్ళం.

"ఎల్దాం తల్లీ," అన్నాను. "ఇప్పుడే ఎల్దాం. ఎవరూ ఆపరు."

సూది ఆగలేదు. మూడు వేళ్ళు... రెండు వేళ్ళు...

"సీతాలూ, నా మాటిను. ఆ మూల ఒగ్గీ. బిడ్డని బయటికి రానీ."

"నా బిడ్డ రానేదు చిన్నత్తా..."

సర్ర్ర్...

చేతిలో ఫోన్ కీచుమంది. నేను కట్ చెయ్యలేదు. అప్ప అంతా వింటోంది. "ఒలే రోజా! దానికి మాటియ్యకే! నీ దండమెడతాను, పిల్లనిత్తానని మాత్రం అనకే! ఒకసారి మాటిచ్చీసేవంటే..."

ఇంకా నిన్ను నమ్మమంటావా? అమ్మ బొంత అని ఇచ్చిన నోటితో, పిల్ల మంచం మీదే పెట్టుకోమన్న నోటితో ఇప్పుడు ఇది చెబుతావా? సీతాలుని ఆపినట్టే నన్నూ ఆపాలని చూస్తున్నావా? వేలు ఎక్కడ పడిందో తెలియదు, ఫోన్ నొక్కి ఆపేశాను.

ఒక వేలు పట్టేంత మాత్రమే ఉంది.

"ఈ బిడ్డ నీదే!" అన్నాను. "నీకే ఇచ్చేను. నువ్వే సూసుకో, నువ్వే పెంచుకో. ముందు దాన్ని బయటికి రానీ తల్లీ!"

మోచెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

వాన చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. ఆ తల మెల్లగా బొంత మీదికి వంగింది. పళ్ళతో దారం కొరికిన చప్పుడు... టిక్.

యశస్విని ఇల్లు అదిరేలా కేక పెట్టింది. పక్క మీదికి ఉమ్మనీరు జారింది. నేను దాని మీద పడి పొదివి పట్టుకున్నాను. తలెత్తి చూస్తే కాళ్ళ దగ్గర ఎవరూ లేరు. "కదిలిందమ్మా! తన్నింది!" అని ఏడుస్తూ నవ్వింది అది.

పక్క సందులో ఆటో నడిపే గవర్రాజుని లేపుకొచ్చాను. వానలో, నీళ్ళు నిలిచిన రోడ్డు మీద గాజువాక దాకా ఎలా తీసుకెళ్ళాడో ఆ దేవుడికే తెలియాలి. "బేగి పోనీ నాయనా, బేగి" అంటూనే ఉన్నాను. ఆస్పత్రిలో అడుగుపెట్టిన కాసేపటికే పాప పుట్టింది. కాన్పు సులువుగా అయిందని డాక్టరమ్మే ఆశ్చర్యపోయింది. బరువు బాగుంది, ఏడుపు బాగుంది. మా ఆయన డ్యూటీ బట్టలతోనే పరిగెత్తుకొచ్చి పాపని చూసి గోడ వైపు తిరిగి ఏడ్చాడు. నాగవంశీ మిఠాయి పొట్లంతో వార్డంతా తిరిగాడు. నాకు మాత్రం ఎప్పుడెప్పుడు ఇంటికెళ్ళి ఆ బొంతని తగలెయ్యాలా అనే ఉంది. మా ఆయన్ని పంపించాను. ఇల్లంతా వెతికాడు, దొరకలేదు.

అప్ప ఫోన్ చేస్తూనే ఉంది. నేను ఎత్తలేదు. బతికుండగా ఎత్తను కూడా. ఆస్పత్రి గుమ్మం దాకా వచ్చి కూర్చుందట, మొహం చూడకుండానే పంపించేశాను. ఆవిడ నాకు పెట్టిన ముద్దలన్నీ కక్కెయ్యడానికి వీలుంటే కక్కేసేదాన్ని.

ఒక్కటే ఇబ్బంది. యశస్వినికి పాలు పడలేదు. మూడో రోజు వచ్చినా చుక్క లేదు. మందులిచ్చారు, మెంతులు నానబెట్టి పెట్టాను, వెల్లుల్లి పెట్టాను. పాపని రొమ్ము దగ్గర పెడితే మొహం తిప్పేసుకునేది. డబ్బా పాలు కలిపి ఉగ్గుగిన్నెతో పడితే పెదవులు బిగించేది. ఏడవదు. అలమటించదు. హాయిగా నిద్రపోతుంది.

ఈ ఉదయం నర్సమ్మ వచ్చి పాపని తూకం వేసింది. తూకం చూసి, మళ్ళీ చూసి, పొట్ట తట్టి, పెదవి చివర వేలితో తుడిచింది. వేలి మీద తెల్లటి పాలచుక్క. నా వైపు చూసింది.

"పిల్ల కడుపు నిండుగా ఉందమ్మా. ఇప్పుడే తాగినట్టుంది. ఎవరు పట్టేరు పాలు?"

యశస్విని నా మొహం వైపు చూస్తోంది. పాపని మళ్ళీ తొట్టిలో పడుకోబెట్టి నర్సమ్మ వెళ్ళిపోయింది. తొట్టిలో పాప ఒక్కతే ఉంది. కళ్ళు మూసుకునే ఉంది. మెల్లగా తల పక్కకి తిప్పి, నోరు తెరిచింది.

దాని గొంతు కదులుతోంది... ఒక్కో గుటకా.